బొమ్మ ఎప్పుడు ఆసరా, ఎప్పుడు అడ్డం

నాలుగేళ్ల పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చదువుతుంటే, చదివేవాళ్ల కళ్లు అచ్చు వెంట పోతాయి. పిల్ల కళ్లు కూడా అక్కడే ఉన్నాయని అనుకుంటారు. ఉండవు. కెనడా పరిశోధకులు ఎవాన్స్, సెయింట్-ఆబిన్ 2005లో ఈ వయసు పిల్లల కంటి కదలికలను పరికరంతో నమోదు చేశారు. కథ వింటున్నంతసేపూ చూపు దాదాపుగా బొమ్మల మీదే తిరిగింది, అచ్చు మీద పడింది చాలా తక్కువ. అచ్చునూ బొమ్మనూ రకరకాలుగా అమర్చిన పుస్తకాలు ఇచ్చినా ఫలితం మారలేదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. చదవడం రానివాళ్లకు అచ్చు అంటే చీమల బారు. కథంతా బొమ్మలోనూ, చదివేవాళ్ల గొంతులోనూ ఉంది. తప్పల్లా పెద్దల లెక్కలోనే ఉంది: రోజూ కథ చదివి వినిపిస్తే చాలు, చదవడం దానంతటదే వస్తుందనే లెక్క. కెనడాలోనే సెనెషాల్, లెఫెవ్ర్ కొందరు పిల్లలను అయిదేళ్లపాటు గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో రెండు దారులు విడివిడిగా కనిపించాయి. ఇంట్లో కథల పుస్తకాలతో ఎంత పరిచయం ఉంటే అంతగా పిల్లల మాటల సంపద, విని అర్థం చేసుకునే శక్తి పెరిగాయి. తొలి రోజుల్లో అక్షరాలు, పదాలు గుర్తుపట్టడం మాత్రం వాటిని ఇంట్లో పనిగట్టుకుని నేర్పినదానితో ముడిపడి ఉంది. మొదటిది జరిగినంత మాత్రాన రెండోది జరగలేదు.

గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రాన్ని ఇక్కడ గుర్తుచేసుకోవచ్చు. చదివి అర్థం చేసుకోవడమంటే అక్షరాలు కూడబలుక్కోగలగడాన్ని, విన్న భాష అర్థం కావడంతో గుణిస్తే వచ్చేదని వాళ్ల మాట. కూడిక కాదు, గుణకారం. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే. బొమ్మల పుస్తకం ఈ రెండింటికీ పనికొస్తుంది. కాకపోతే భాష పెంచే పనిలో ఆసరాగా నిలిచిన బొమ్మే అక్షరాలు కూడబలుక్కునే పనిలో అడ్డం వస్తుంది. ఎప్పుడు ఏ పని చేస్తున్నారో చదివేవాళ్లకు స్పష్టంగా తెలియకపోతే రెండూ కుంటుపడతాయి.

కబుర్లకు బొమ్మ

బొమ్మ అంటే వస్తువు కాదు, వస్తువుకు గుర్తు. ఈ సంగతి కూడా నేర్చుకుంటేనే తెలుస్తుంది. తొమ్మిది నెలల పిల్లలు పేజీ మీది బొమ్మను గోకి, పట్టి లాగాలని చూస్తారనీ, పందొమ్మిది నెలలకు ఆ పని మాని వేలు చూపిస్తారనీ జూడీ డిలోష్ బృందం 1998లో చూపింది. వేలు చూపించడం మొదలైందంటే కబుర్లకు వేళయిందన్నమాట.

కబుర్లు ఎలా ఉండాలన్నదానిపై గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం అమెరికాలో చేసిన ప్రయోగాన్ని (1988) ఇప్పటికీ ఆధారంగా చూపుతారు. రెండేళ్లకు కాస్త అటూ ఇటూ వయసున్న దాదాపు 30 మంది పిల్లలు, నాలుగు వారాలు. రెండు గుంపుల తల్లిదండ్రులూ ఇంచుమించు ఒకే మోతాదులో పుస్తకాలు చదివారు, చదివిన తీరే వేరు. ఒక గుంపువాళ్లు అవును-కాదుతో తేలిపోయే ప్రశ్నలు తగ్గించి, పిల్లలే చెప్పేలా అడిగి, చెప్పినదానికి ఇంకో మాట చేర్చి అందించారు. నెల తిరిగేసరికి ఆ పిల్లలు మాటల్లో చెప్పగలగడంలో రెండో గుంపుకంటే, పరీక్షనుబట్టి, ఆరు నుంచి ఎనిమిదిన్నర నెలలు ముందున్నారు.

పద్ధతి తేలికే. బొమ్మలో కుక్క బురదగుంటలోంచి లేస్తోంది. "ఏమైంది ఇక్కడ?" అని అడిగితే పిల్లవాడు "కుక్క" అంటాడు. "అవును, కుక్క. ఒళ్లంతా బురద చేసుకుంది" అని పెద్దవాళ్లు రెండు మాటలు కలుపుతారు. కాసేపాగి "ఏం చేసుకుంది?" అంటే, ఈసారి "ఒళ్లంతా బురద" అని వస్తుంది. అడగడం, ఒప్పుకోవడం, పెంచడం, మళ్లీ చెప్పించడం, ఇంతే. మూడేళ్లు దాటినవాళ్లను బొమ్మలో లేనిది కూడా అడగాలి: ఇప్పుడు ఇంటికి వెళ్తే వాళ్లమ్మ ఏమంటుంది, నువ్వెప్పుడైనా ఇలా జారిపడ్డావా.

చెడేది ఎక్కడంటే, ప్రశ్న పరీక్షగా మారినచోట. "ఇదేమిటి? అదేం రంగు? ఎన్ని ఉన్నాయి?" అంటూ అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ ముందే తెలిసిన జవాబుల కోసం పేజీ పేజీనా ఆపితే కథ చచ్చిపోతుంది. మామూలు బొమ్మల పుస్తకం 32 పేజీలది. పెద్ద కాగితాన్ని మడిచి కత్తిరించే అచ్చు పద్ధతి వల్ల పేజీల లెక్క ఎనిమిది, పదహారుల మీద నడుస్తుంది. అందులో కథకు దక్కేవి పద్నాలుగు, పదిహేను జంట పేజీలు. వాటిలో నాలుగైదు చోట్ల ఆగితే చాలు. మొదటిసారి అసలు ఆగకుండా చివరిదాకా చదివేయడం మేలు. ఏమవుతుందో తెలియని కథను మధ్యలో ఆపితే ఎవరికైనా విసుగే. ఇంకో లోపం, తొందర. ప్రశ్న అడిగి రెండు సెకన్లలో జవాబు తామే చెప్పేస్తారు. మనసులో నెమ్మదిగా అయిదు లెక్కపెట్టుకుంటే, మూడు నాలుగు దగ్గర పిల్లల నోరు తెరుచుకుంటుంది.

కథ వింటూ ఊ కొట్టడం మనకు బాగా తెలిసిన అలవాటు. ఊ ఆగిందంటే నిద్రపోయారనో, ధ్యాస మళ్లిందనో తెలుస్తుంది. వింటున్నారనడానికి అది గుర్తు, అంతవరకే. ఊ కొట్టే నోటితోనే వాక్యం చెప్పించడమే ఇక్కడి పనంతా.

చదివిందే మళ్లీ చదవమంటే విసుక్కునే పెద్దలకు ఒక లెక్క చెప్పాలి. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో జెస్సికా హోర్స్ట్ బృందం 2011లో మూడేళ్ల పిల్లల మీద చేసిన ప్రయోగంలో, కొందరికి ఒకే కథను మళ్లీ మళ్లీ చదివారు, కొందరికి వేర్వేరు కథలు చదివారు. కొత్త పదాలు రెండు గుంపులకూ అన్నేసిసార్లే వినిపించాయి. వాటిని గుర్తుపెట్టుకున్నది మాత్రం ఒకే కథను మళ్లీ విన్నవాళ్లు. కథ తెలిసిపోయాక దాన్ని అర్థం చేసుకోవడానికి పడే శ్రమ తగ్గి, ధ్యాస మాటల మీదికి వస్తుందన్నది దీనికి వివరణ.

పుస్తకం మాట, ఇంటి మాట వేరైనప్పుడు ఏం చేయాలన్నది తరచూ వచ్చే సందేహం. పుస్తకంలో "వెళ్తున్నాడు" అని ఉంటుంది, ఇంట్లో "పోతున్నడు" అంటారు. చదివేటప్పుడు ఉన్నది ఉన్నట్టే చదివి, కబుర్లలో ఇంటి మాట వాడితే సరిపోతుంది. చదువుతూ చదువుతూ మార్చేస్తే, తర్వాత వేలు పెట్టి చదివించేనాటికి నోటి మాట ఒకటీ అచ్చు మాట ఇంకోటీ అయి పిల్లలు తికమకపడతారు. పిల్లల ఇంటి మాటను తప్పని దిద్దడం అంతకన్నా పెద్ద పొరపాటు. అలా దిద్దించుకున్న పిల్లలు మాట్లాడటమే తగ్గిస్తారు.

చూపును అచ్చు మీదికి తేవడం

పుస్తకం గురించి పెద్దలు ఎప్పుడో నేర్చుకుని మరిచిపోయిన సంగతులు చాలా ఉన్నాయి. అట్ట ఏ వైపు, చదివేది బొమ్మనా అచ్చునా, ఎడమ నుంచి కుడికి పోవాలని, వరస అయిపోతే కిందికి దిగి మళ్లీ ఎడమకు రావాలని, ఖాళీ జాగా మాటకూ మాటకూ హద్దని. న్యూజిలాండ్‌కు చెందిన పరిశోధకురాలు మేరీ క్లే వీటన్నిటినీ పరీక్షించడానికి 1970లలో చిన్న పుస్తకాలే తయారుచేసింది. వాటిలో కొన్ని బొమ్మలు, వరసలు కావాలనే తలకిందులుగా అచ్చువేసి ఉంటాయి. తప్పు పట్టుకున్నారా లేదా అన్నదాన్నిబట్టి పిల్లల అవగాహన తెలుస్తుంది. (ఆమె చదువు పద్ధతే తర్వాత బొమ్మ చూసి పదం ఊహించడాన్ని ప్రోత్సహించిందన్న విమర్శా ఉంది. ఆ సంగతి కాసేపట్లో.)

ఇవి చెబితే వస్తాయి, చెప్పకపోతే ఆలస్యంగా వస్తాయి. అమెరికాలో లారా జస్టిస్ బృందం బడికి ముందు వయసు పిల్లల తరగతుల్లో 30 వారాలపాటు, కథ చదివేటప్పుడే అచ్చును వేలితో చూపిస్తూ దాని గురించి మాట్లాడేలా టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆ పిల్లలు రెండేళ్ల తర్వాత కూడా చదవడంలోనూ, మాటలను తప్పుల్లేకుండా రాయడంలోనూ ముందున్నారని 2012లో తేలింది. చేసిందల్లా అప్పుడప్పుడు ఒక మాట: ఇక్కడి నుంచి చదువుతాను, ఈ మాట ఎందుకింత పెద్దగా వేశారో, నీ పేరులో మొదటి అక్షరం ఈ పేజీలో ఎక్కడుంది. ఒక పుస్తకానికి మూడు నాలుగుసార్లు అంటే చాలు. అంతకు మించితే కథ పలకాబలపం పాఠమవుతుంది.

వేలు పెట్టి చదవడంలో తెలుగుకే ఉన్న చిక్కు ఒకటుంది. మన వత్తులు అక్షరం కింద వేలాడతాయి. ఇంగ్లీషు పుస్తకానికి పెట్టినట్టు వరస కింద వేలు ఆనించి పెడితే సరిగ్గా వత్తే దాని చాటుకు పోతుంది. "కుక్క" కాస్తా "కుక" అయి కనిపిస్తుంది. వేలును అరంగుళం దిగువన పెట్టాలి, లేదా పెన్సిలు మొనతో మాట పైనుంచి చూపించాలి. వరసల మధ్య ఖాళీ తక్కువగా ఉన్న పుస్తకాలు ఈ కారణంగానే మొదటి చదువుకు పనికిరావు. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగులుతుంటే, పెద్దవాళ్లు అలవాటుకొద్దీ చదివేస్తారు గానీ పిల్లలకు ఏది ఎవరిదో తెలియదు.

మాటకొక వేలి అడుగు పడాలి. దానికి మూడు నాలుగు మాటల వాక్యాలు అనువుగా ఉంటాయి. "ఏమిటిది", "ఎక్కడున్నావు" లాంటివి రెండు మాటల కలయికలే అయినా అచ్చులో ఒకటే. అలాంటిచోట ఒకే అడుగు వేయాలి, వాటి వివరణ ఈ వయసుకు అక్కర్లేదు.

కూడబలుక్కునే దశ: బొమ్మ మీద చెయ్యి

అక్షరాలు, గుణింతాలు కొంత వచ్చి, పిల్లలు సొంతంగా చదవబోయినప్పుడు బొమ్మ పాత్ర మారుతుంది. పేజీలో చెట్టు మీద కాకి ఉంది, అచ్చులో "పక్షి" అని ఉంది. పిల్ల బొమ్మ చూసి "కాకి" అంటుంది. అర్థం దగ్గర్లోనే ఉంది కాబట్టి పెద్దవాళ్లు భేష్ అంటారు. ఆ పిల్ల అసలు అక్షరాలు చూడనేలేదు. చూడకుండానే మెప్పు దొరికింది కాబట్టి రేపూ చూడదు.

చదవడమంటే సందర్భాన్నిబట్టి ఊహించే ఆట అని అమెరికా విద్యావేత్త కెన్ గుడ్‌మన్ 1967లో వాదించాడు. బొమ్మ చూసి, వాక్యం చూసి ఊహించమనే బోధన దశాబ్దాలపాటు సాగింది. విచిత్రంగా అదే 1967లో జే శామ్యూల్స్ చేసిన ప్రయోగాలు దీనికి ఎదురుగా నిలిచాయి. పదం పక్కన బొమ్మ ఉన్నప్పటికంటే పదం ఒక్కటే ఉన్నప్పుడు పిల్లలు, అందులోనూ చదువులో వెనకబడినవాళ్లు, ఆ పదాన్ని బాగా నేర్చుకున్నారు. కారణం మామూలుదే. ధ్యాస ఎప్పుడూ తేలిక దారి వెతుక్కుంటుంది. బొమ్మ ఒక్క చూపులో జవాబిస్తుంటే అక్షరాలతో కుస్తీ పట్టడానికి మనసొప్పదు.

తెలుగులో ఈ ఊహ మరింత దెబ్బతీస్తుంది, ఎందుకంటే మన మాటల్లో కీలకమంతా తోకలో ఉంటుంది. వచ్చాడు, వచ్చింది, వచ్చారు, రాలేదు: ఎవరు, ఎందరు, ఎప్పుడు, అసలు జరిగిందా లేదా అన్నది చివరి రెండు అక్షరాల్లో తేలుతుంది. బొమ్మలో పిల్లవాడు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, అచ్చులో "వేసుకోలేదు" అని ఉంది. బొమ్మ, మొదటి అక్షరం చూసి ఊహించే పిల్లలు "వేసుకున్నాడు" అని చదివేసి హాయిగా పేజీ తిప్పుతారు. కథ తలకిందులైంది, ఎవరూ గమనించలేదు. మొదటి అక్షరాన్ని బట్టి ఊహించమనే సలహా ఏ భాషలోనూ గొప్పది కాదు, మన భాషలో మరీ చెడ్డది.

నిజంగా చదువుతున్నారా, బట్టీ కొట్టి అప్పజెబుతున్నారా అన్నది పట్టుకోవడం సులువు. బొమ్మను అరచేత్తోనో, పోస్టుకార్డంత అట్టముక్కతోనో మూసి అదే వాక్యం చదవమనాలి. వాక్యంలో మూడో మాటను విడిగా చూపించి అడగాలి. లేదా రెండు మాటలు తెల్లకాగితం మీద రాసి చూపించాలి. పుస్తకమంతా గడగడా అప్పజెప్పిన పిల్లలు కాగితం మీది మాట దగ్గర మౌనంగా ఉండిపోతే కంగారు పడక్కర్లేదు, వాళ్లు ఏ దశలో ఉన్నారో తెలిసిందంతే.

అందుకని చదివించే క్రమం ఇలా ఉండాలి. పేజీ తిప్పగానే ఒక నిమిషం బొమ్మ చూడనివ్వాలి, లేకపోతే ఆత్రం తీరదు. తర్వాత అట్టముక్కతో దాన్ని మూసి అచ్చు చదివించాలి. మాట దగ్గర ఆగిపోతే అయిదు సెకన్లు ఏమీ అనకూడదు. అప్పటికీ రాకపోతే అట్టముక్క అంచుతో మాటను మూసి, ఒక్కో అక్షరమే బయటపెడుతూ పలికించి, చివర కలిపి చెప్పించాలి. ముక్కలుగా పలికిన మాట అర్థం కాదు కాబట్టి వాక్యాన్ని మొదటి నుంచి మళ్లీ ఒకసారి చదివించాలి. ఆ తర్వాత బొమ్మ తెరిచి, చదివిందీ కనిపించిందీ సరిపోయాయా అని చూసుకోమనాలి. ఇప్పుడు బొమ్మ జవాబు చెప్పేది కాదు, సరిచూసేది. తప్పు చదివితే "కాదు" అనే బదులు "చివర ఏముందో మళ్లీ చూడు నాన్నా" అంటే చూపు సరైన చోటికి పోతుంది.

ఎక్కడ ఆగిపోతారో ముందే తెలిస్తే సాయం సులువు. బ-భ, ద-ధ-థ, మ-య, వ-ప లాంటి పోలికల జంటలు మొదటి చిక్కు. "రాడు", "రాదు" పక్కపక్కన రాసి చదివిస్తే చూపు ఎంత నిశితంగా ఉందో తెలుస్తుంది. వత్తుల్లో చాలావాటికి అసలు అక్షరం పోలిక ఉంటుంది గానీ త, న, మ, య, ర, ల వత్తులకు ఉండదు. వాటిని విడిగా గుర్తుపెట్టుకోవలసిందే. తమాషా ఏమిటంటే పిల్లలకు అన్నిటికంటే దగ్గరి మాటలు, అమ్మ, నాన్న, అక్క, అన్న, అన్నీ వత్తులవే. వత్తులు లేని మాటలతోనే మొదలుపెట్టాలని పట్టుబట్టే పుస్తకాల్లో అమ్మకే చోటుండదు. ఈ నాలుగు మాటలనూ ముందే బొమ్మల్లా మొత్తంగా పరిచయం చేసి, వాటి సాయంతో వత్తు అంటే ఏమిటో చూపించడం తేలిక.

అసలు కష్టం సంయుక్తాక్షరంతో వస్తుంది. "చంద్రుడు"లో ద మీద కొమ్ము ఉంది, కింద ర వత్తు ఉంది. కంటికి కనిపించే వరసలో చదివితే "దుర" అవుతుంది. చదవాల్సింది ద, ర, ఆ తర్వాత ఉకారం. కొమ్ము ఒకరి దగ్గర ఉంటుంది, పలికేది ఇంకొకరి తర్వాత. "చందురుడు" అని చదివిన పిల్లలు బద్ధకంతో అలా చదవలేదు, కనిపించిన వరసను నిజాయితీగా పాటించారు. వత్తును ముందు కలిపి "ద్ర", దానికి కొమ్ము చేర్చి "ద్రు" అని రెండు మెట్లలో చూపిస్తే దారిలో పడతారు. తెలుగుకు తోబుట్టువులాంటి కన్నడ లిపి మీద సోనాలి నాగ్ 2007లో చేసిన పరిశోధనలో, అక్షరాలన్నీ పట్టుబడటం నాలుగో తరగతి వరకూ సాగుతుందని తేలింది. ఇంగ్లీషులో 26 అక్షరాలు ఏడాదిలో అయిపోతాయని, ఇదీ అంతేనని తొందరపెడితే పిల్లలకు తెలుగు కష్టమనే ముద్ర పడుతుంది.

పుస్తకం ఎంపిక గురించి రెండు మాటలు. జంట పేజీలో రెండువైపులా బొమ్మలుంటే, చదువుతున్న మాట ఏ బొమ్మదో తెలియక చిన్నపిల్లలు తక్కువ పదాలు నేర్చుకుంటారు. అలాంటి పుస్తకమే ఉంటే, చదవబోయే పేజీని ముందు చేత్తో చూపిస్తే చాలు. తెరిచే కిటికీలు, లాగే తోకలు ఉన్నవి ఆటకు బాగుంటాయి గానీ అక్షరాల పుస్తకాల్లో అవి ధ్యాసను లాగేస్తాయి. సొంతంగా చదివే ఆరేడేళ్లవాళ్లకు కూడా కథకు సంబంధం లేని అలంకారాలు తీసేసిన పేజీలు మేలని, అప్పుడు కళ్లు అచ్చు వదిలి తక్కువసార్లు పక్కకు పోతాయని 2020లో అమెరికాలో చేసిన ప్రయోగం చూపింది. బొమ్మ మీదే అచ్చువేసిన పేజీల సంగతి చెప్పనక్కర్లేదు. ఆకుల గుబురులో సున్న, గుడి కలిసిపోతాయి.

కష్టం కొలవడానికి పాత లెక్క ఒకటుంది. 1946లో ఎమ్మెట్ బెట్స్ చెప్పినదాని ప్రకారం ఇరవై మాటల్లో ఒకటి తప్పితే ఆ పుస్తకం సాయంతో చదవడానికి తగినది, పదిలో ఒకటికంటే ఎక్కువ తప్పితే భారం. అది ఇంగ్లీషుకు వేసిన లెక్క. తెలుగులో ఒక్క మాటలోనే అయిదారు అక్షరాలు, రెండు వత్తులు ఉండొచ్చు కాబట్టి, పదికి ఒకటి తప్పినా అది చివరి అక్షరంలో దొర్లిన చిన్న తప్పయితే పుస్తకం మార్చనక్కర్లేదు. మాట మాటకూ ఆగిపోతుంటే మాత్రం ఆ పుస్తకాన్ని ఆ రోజుకు పెద్దవాళ్లే చదివి వినిపించాలి.

చదవడం వచ్చింది కదా అని వినిపించడం మానేయడం మామూలుగా జరిగే నష్టం. ఆరేళ్ల పిల్లలు సొంతంగా చదవగలిగే కథ కంటే, విని అర్థం చేసుకోగలిగే కథ ఎంతో పెద్దది. వాళ్ల చేతికి చిన్న పుస్తకం మాత్రమే మిగిల్చితే మాటల సంపద అక్కడే ఆగిపోతుంది. కాబట్టి రెండు పుస్తకాలు ఉండాలి. ముందు పిల్లలు చదివేది, పది నిమిషాలకు మించకుండా, అట్టముక్క చేతిలో పెట్టుకుని. తర్వాత పెద్దలు చదివేది. ఆ రెండో పుస్తకానికి అట్టముక్క పక్కన పడేసి, పేజీలు తిప్పే పని పిల్లలకే వదిలేయాలి. బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో వాళ్లే తేల్చుకుంటారు.